బాకా బాబాయి గుర్రం తనిఖీకి వెళ్ళిన రోజు

"నేనేం గొప్పలు చెప్పుకోవడం లేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. పొద్దున గేటు తీయగానే లోపలికెళ్ళిన మొదటి బండి నాది. వాచ్‌మన్ నన్ను చూసి, 'మీ గుర్రానికి తనిఖీ ఏమిటండీ, అలా కూర్చోండి, సంతకం పెట్టించుకొస్తాను' అన్నాడు. నేనే వద్దన్నాను. రూలంటే రూలే, నాకో న్యాయం ఊరికో న్యాయం ఏమిటి అన్నాను."

ఇలా మొదలుపెట్టాడు బాకా బాబాయి. బాకా ఆయన ఇంటిపేరు కాదు. జట్కా స్టాండులో పదిహేనేళ్ళుగా తన గుర్రం గురించి ఊదుతూనే ఉన్నాడు గనక ఆ పేరు అలా ఉండిపోయింది. కూర్చున్నది మునిసిపాలిటీ దొడ్డికి ఎదురుగా, రోడ్డుకి ఇవతల ఉన్న రేకుల టీ కొట్టులో. తెల్లవారినప్పటి నుంచి సన్నగా వాన పడి పడి అప్పుడే కాస్త ఆగింది. రేకుల అంచు నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. బాబాయి జట్కా కొట్టు పక్కనే, ముందు కర్రలు నేలకి ఆనించి ఉంది. గుర్రం లేదు.

వింటున్నది ముగ్గురు. ఒకడు పొడుగాయన, జట్కా తోలేవాడే, బెంచీ మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఇంకొకరు కుచ్చులమ్మాయి. ఆమె బండి కప్పుకి చుట్టూ ఎర్ర ఉన్ని కుచ్చులుంటాయి, తండ్రి కట్టినవి. తండ్రి పోయాక బండీ గుర్రమూ రెండూ ఆమె చేతికొచ్చాయి. ఇంట్లో తల్లి, బడికెళ్ళే ఇద్దరు తమ్ముళ్ళు, వీళ్ళందరికీ ఆధారం పదహారేళ్ళ ఆ గుర్రం. మూడోవాడు టీ కొట్టు యజమాని, వినకపోయినా ఆయన అక్కడే ఉండాలి.

అసలు సంగతి తెలియాలంటే ముందు ఆ తనిఖీ ఏమిటో తెలియాలి. అద్దెకి తిరిగే ప్రతి జట్కాకీ మునిసిపాలిటీ వారు ఏడాదికోసారి ఇత్తడి బిళ్ళ ఇస్తారు. అది గుర్రం నుదుటి పట్టీకి కట్టాలి. బిళ్ళ లేని గుర్రాన్ని ఊళ్ళో బండికి కట్టకూడదు. కట్టి, ఖాళీ బండి ఇంటికి తోలుకెళ్ళినా తప్పే. ఇదివరకు తనిఖీ అంటే పశువుల డాక్టరు పళ్ళు చూసి, గిట్టలు తట్టి, వీపు మీద పుళ్ళున్నాయేమో చూసి పంపేసేవాడు. ఈ ఏడు ఇంకొకటి చేర్చారు. దొడ్డిలో చెక్కలతో ఒక ఏటవాలు కట్టించారు, మన వంతెన ఎక్కుడు ఎంత ఉంటుందో అంత. నలుగురు మనుషుల బరువుకి సరిపడా ఇసక బస్తాలు వేసి, గుర్రం చేత బండిని దాని పైకి లాగించాలి. లాగితే బిళ్ళ. లేకపోతే గుర్రాన్ని అప్పటికప్పుడు పక్కనున్న బందెలదొడ్డిలో కట్టేస్తారు. దాంతో ఇక పని చేయించమని, ఫలానా చోట ఉంచుతామని కాగితం తెస్తేనే వదులుతారు. ఏడాదికి ఒక్కసారే అవకాశం. తనిఖీలు మొదలైంది ఆ రోజే, మొదటి వంతు ఈ స్టాండుదే. బాబాయిది ఒకటో నంబరు, కుచ్చులమ్మాయిది రెండు, పొడుగాయనది మూడు. ఒకటి అయిపోయాక డాక్టరు టిఫినుకి వెళ్ళాడు.

"సరే, లోపల ఏమైంది మావా?" అన్నాడు పొడుగాయన.

"అదే చెబుతున్నా, తొందరెందుకు? లోపల డాక్టరు, ఆఫీసరు, రాసుకునే గుమాస్తా, ముగ్గురూ మూడు గొడుగుల కింద నిలబడ్డారు. డాక్టరు నోరు తెరవమన్నాడు, నన్ను కాదు, గుర్రాన్ని. పళ్ళు చూశాడు. వయసెంత అన్నాడు. పంతొమ్మిది అన్నాను, నేను అబద్ధం ఆడతానా? ఆయన నా వంక అదోలా చూసి, 'పెద్దాయనా, వయసు పెంచి చెబుతున్నారు, దీనికి ఏడు నిండితే నా పేరు మార్చుకుంటాను' అన్నాడు."

"ఏడా? నేను పెళ్ళయి మా ఆవిణ్ణి ఇంటికి తెచ్చుకుంది నీ జట్కాలోనే కదా. నా కూతురికే పన్నెండు."

"అదేరా నేను చెప్పేది. డాక్టరు లెక్కలో అప్పటికది పుట్టనే లేదు. పుట్టకముందే నిన్నూ, మీ ఆవిణ్ణీ, మీ అత్తగారిచ్చిన ఇనప్పెట్టెనీ లాగిందంటే ఎలాంటి గుర్రమో నువ్వే ఆలోచించుకో."

టీ కొట్టాయన నవ్వాడు. కుచ్చులమ్మాయి నవ్వలేదు. బండికి కట్టి గోడ పక్కన నిలబెట్టిన తన గుర్రం వైపు చూస్తోంది. దాని వీపు మీద గోనెపట్టా కప్పింది. పట్టా తడిసి బరువెక్కి ఒక పక్కకి జారుతోంది.

"పళ్ళయ్యాక ఏం చూస్తారు బాబాయ్?" అంది.

"కళ్ళు. డాక్టరు అరచెయ్యి దాని కళ్ళ ముందు ఇటూ అటూ ఆడించాడు. మామూలు గుర్రాలైతే రెప్ప వేస్తాయి, బెదురుతాయి. ఇది ఏం చేసిందో తెలుసా? ఆయన కళ్ళజోడు వంక చూసి తల అడ్డంగా ఊపింది. ఒకసారి కాదు, మూడుసార్లు. గుమాస్తా అన్నాడు, 'సార్, మీ అద్దాలు మార్చుకోవాలంటోంది' అని. డాక్టరు తీసి తుడిచి చూసుకుంటే నిజంగానే కుడి అద్దం ఎడమ వైపు, ఎడమ అద్దం కుడి వైపు ఉన్నాయి. నాలుగేళ్ళుగా ఆయనకి ఆ సంగతే తెలియదు."

"పాపం, నాలుగేళ్ళుగా తలనొప్పితో బాధపడుంటాడు," అన్నాడు టీ కొట్టాయన.

"ఆ తలనొప్పి ఇవాళ పోయింది! ఆ తర్వాత గిట్టలు. ఒక్కొక్క కాలు ఎత్తించి చూడాలి కదా. నేను చెయ్యి వెయ్యబోతే ఆఫీసరు అన్నాడు, 'మీరు తప్పుకోండి, అదే ఎత్తుతుందేమో చూద్దాం' అని. అనడమే ఆలస్యం, ఎత్తింది. ఒక్కటి కాదు, నాలుగూ ఒకేసారి!"

"నాలుగూనా?" పొడుగాయన టీ గ్లాసు కింద పెట్టాడు. "మరి దేని మీద నిలబడింది మావా?"

"పరువు మీద."

ఈసారి ముగ్గురూ నవ్వారు, కుచ్చులమ్మాయి కూడా కాస్త. కానీ బాబాయి నవ్వలేదు. టీ గ్లాసుని వేళ్ళ చివర్లతో పట్టుకుని, తాగకుండా అలాగే చూస్తూ ఉన్నాడు. చల్లారి మీద మీగడ కట్టింది. పైకండువా తడిసి భుజానికి అంటుకుపోయింది. ఏదో గుర్తొచ్చినట్టు తల ఎత్తి మళ్ళీ అందుకున్నాడు. గొంతు ఇందాకటి కంటే కాస్త పెరిగింది.

"ఇంక అసలైంది, ఆ ఏటవాలు. చెక్కలు కొత్తవి, వానకి నున్నగా ఉన్నాయి."

"ఆ, అదే చెప్పు బాబాయ్," అంది కుచ్చులమ్మాయి ముందుకి జరిగి. "ఏం చెయ్యమంటారు? ఎన్ని బస్తాలు వేశారు? పక్కన మనుషులు పట్టుకోవచ్చా?"

"నాలుగు బస్తాలు వేశారు. నా గుర్రం వెనక్కి తిరిగి చూసింది, బండి ఖాళీగా ఉందనుకుంది. కదలదే! ఖాళీ బండి లాగడం దానికి నామోషీ. ఆఫీసరు ఇంకో నాలుగు వేయించాడు. ఊహూఁ. పదహారు వేయించాడు. చెవి మాత్రం ఆడించింది. ఆఫీసరుకి పంతం వచ్చేసింది. గుమాస్తాని ఎక్కమన్నాడు, గుమాస్తా బల్ల ఎక్కించాడు, ముప్ఫై ఏళ్ళ ఫైళ్ళున్న బీరువా ఎక్కించాడు. అప్పుడు నా గుర్రం ఒక్క నిట్టూర్పు విడిచి, ఏదో పోనీలే అన్నట్టు, ఏటవాలు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, పైన నిలబడి చుట్టూ చూసింది, ఇంకేమైనా ఉందా అని."

"బాబాయ్, నేనడిగింది..."

"విను తల్లీ, అసలు కథ ఇంకా రాలేదు. ఆఫీసరు ఫైరింజను తెప్పించాడు. నీళ్ళతో నిండుగా ఉన్నది. దాన్ని నా బండి వెనక గొలుసుతో కట్టించాడు. లాగింది. ఫైరింజను డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు, అయినా లాగింది. అప్పుడాయన ముఖం ఎర్రగా చేసుకుని, మోకు తెమ్మని, ఒక కొస నా బండికీ, ఇంకో కొస మునిసిపాలిటీ ఆఫీసు ముందు స్తంభానికీ కట్టించాడు. ఏమైందో తెలుసా?"

"స్తంభం విరిగింది," అన్నాడు పొడుగాయన.

"స్తంభం విరిగితే అందులో గొప్పేముందిరా? ఆఫీసే కదిలింది! మేడ, మెట్లు, లోపల పన్నుల విభాగం, జనన మరణాల విభాగం, అన్నీ కలిపి పదకొండు గజాలు వచ్చేశాయి. నీళ్ళ పంపు ఇదివరకు ఎక్కడుండేది? గుమ్మం ముందు. ఇప్పుడు వెళ్ళి చూడండి, కిటికీ కింద ఉంటుంది."

"పంపు ఎప్పుడూ కిటికీ కిందే ఉంది పెద్దాయనా," అన్నాడు టీ కొట్టాయన. "నేను రోజూ నీళ్ళు పట్టుకునేది అక్కణ్ణుంచే."

"చూశావా? ఎంత నెమ్మదిగా లాగిందో! రోజూ నీళ్ళు పట్టుకునేవాడికి కూడా తేడా తెలియలేదు."

పొడుగాయన పొట్ట పట్టుకున్నాడు. "ఆ తర్వాత మావా, ఆ తర్వాత?" అంటూ ఎగదోశాడు. ఆ నవ్వులో మాత్రం ఏదో తొందర ఉంది. బాబాయి మాట ఆగితే వచ్చే నిశ్శబ్దాన్ని భరించలేనివాడిలా, సందు దొరికినప్పుడల్లా ఒక ప్రశ్న వేస్తున్నాడు.

"ఆ తర్వాత ఛైర్మన్ పరుగెత్తుకొచ్చాడు, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు. కౌన్సిలు సభ్యులందరూ వచ్చారు. అక్కడికక్కడే, వానలో, గొడుగులు పట్టుకుని సమావేశం పెట్టారు. ఇన్నాళ్ళూ గుర్రాలని మనుషులు తనిఖీ చెయ్యడం పెద్ద తప్పు, ఇకనుంచి గుర్రమే మనుషుల్ని తనిఖీ చెయ్యాలి అని తీర్మానం. ఒక్కడు కూడా కాదనలేదు. ఆఫీసరు కుర్చీ తెచ్చి దానికి వేశారు. అది కూర్చోదు కదా, పక్కన నిలబడింది. మొదట ఆఫీసరు నోరు తెరిపించి పళ్ళు చూసింది. గిట్టతో నేల మీద యాభై ఆరుసార్లు కొట్టింది. గుమాస్తా రికార్డు తీసి చూస్తే, ఆఫీసరు యాభై నాలుగని రాయించుకున్నాడు! రెండేళ్ళు దాచాడు! ఇప్పుడు లోపల ఆయన భుజాన ఇసక బస్తా పెట్టి ఏటవాలు ఎక్కిస్తోంది. వెనక వరసలో ఛైర్మన్ ఉన్నాడు. అందుకే నా గుర్రం బయటికి రాలేదు. డ్యూటీలో ఉంది. నన్ను పంపించేశారు, 'మీరు వెళ్ళి విశ్రాంతి తీసుకోండి, దాన్ని మేం చూసుకుంటాం, దానికింక బండి లాగే ఖర్మ లేదు' అన్నారు."

చివరి మాట దగ్గర దగ్గాడు.

"అబ్బో," అన్నాడు పొడుగాయన. "అదృష్టవంతురాలు మావా నీ గుర్రం. మరి జీతమెంత?"

"బాబాయ్," అంది కుచ్చులమ్మాయి.

ఆమె లేచి కొట్టు అంచున నిలబడి ఉంది. చూస్తున్నది రోడ్డుని. ఆ రోడ్డు మట్టిరోడ్డు. వానకి మెత్తబడి ఉంది. దొడ్డి గేటు నుంచి టీ కొట్టు దాకా, బాబాయి జట్కా వచ్చిన దారి, రెండు చక్రాల జాడలు అద్దినట్టు కనిపిస్తున్నాయి. జట్కా తోలేవాళ్ళకి రోడ్డు చదవడం అలవాటు. ముందు బండి ఎటు వెళ్ళింది, ఏ గుర్రం కుంటుతోంది, ఎవరు బరువు మీద వెళ్ళారు, అన్నీ అందులోనే చూసుకుంటారు. రెండు జాడల మధ్య గిట్టల గుర్తులుంటాయి.

ఇక్కడ లేవు. ఉన్నవి మనిషి పాదాలు. వేళ్ళు మట్టిలోకి లోతుగా దిగాయి, మడమలు ఆనలేదు. రెండు చోట్ల మోకాలు ఆనించిన గుంటలు కూడా ఉన్నాయి.

"బాబాయ్, ఈ బండి ఇక్కడిదాకా లాగింది నువ్వే కదా?"

టీ కొట్టాయన పొయ్యి వైపు తిరిగాడు. పొడుగాయన తన మోకాళ్ళు చూసుకున్నాడు. అతను రాగానే ఆ అడుగులు చూశాడు. చూసే కూర్చున్నాడు, చూసే నవ్వాడు.

"చెల్లాయ్," అన్నాడు నెమ్మదిగా, "చెప్పుకోనియ్యకూడదా?"

"చెప్పుకోనిద్దునన్నా. సాయంత్రం దాకా విందును. కానీ తర్వాత నంబరు నాది." ఆమె బాబాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన చేతిలోంచి గ్లాసు తీసి పక్కన పెట్టి, అరచేతులు విప్పి చూసింది. బండి కర్రలు ఒరుసుకుని రెండు చేతులా తోలు లేచిపోయి ఉంది. "లోపల ఏమైందో నాకు తెలియాలి బాబాయ్. నీ గుర్రమే ఎక్కలేకపోతే నాదేం ఎక్కుతుంది?"

"ఎక్కలేకపోవడమేమిటి?" బాబాయి చటుక్కున తల ఎత్తాడు. "ఎవరన్నారు ఎక్కలేదని? నా గుర్రం ఎక్కలేదని ఎవరన్నారు?"

"మరి?"

బాబాయి తన అరచేతులు చూసుకున్నాడు. ఈసారి మాటలు వేరే మనిషివిలా, పొట్టిగా, విడివిడిగా వచ్చాయి.

"సగం దాకా బాగానే ఎక్కింది. రొప్పుతోంది. వంతెన మీద మనం ఏం చేస్తాం? సగంలో ఆపి, ఇరవై ఊపిరులు తీసుకోనిచ్చి, మళ్ళీ తోలుతాం కదా. మన స్టాండులో అలా ఆపనివాడు ఎవడైనా ఉన్నాడా? చెయ్యి దానంతటదే పోయింది. పగ్గం లాగాను. అది ఆగింది. ఆపితే ఆగదా? మంచి గుర్రం. నేను లోపల్లోపల లెక్కపెడుతున్నాను. ఎనిమిదో తొమ్మిదో అయ్యాయి. గుమాస్తా రాసేసుకున్నాడు, మధ్యలో ఆగింది అని. కాగితంలో కింద చిన్న అక్షరాలతో ఉందట, ఏటవాలు మీద ఆగిన గుర్రాన్ని పనికిరానిదిగా చూడాలి అని. నేను ఆపాను బాబూ, అది ఆగలేదు, నేనే ఆపాను అన్నాను. ఎన్నిసార్లన్నానో. ఎవరు ఆపారో రాసేందుకు ఇందులో గడి లేదండీ అన్నాడు. మళ్ళీ ఎక్కిస్తాను, రెట్టింపు బరువు వెయ్యండి అన్నాను. ఏడాదికి ఒక్కసారే అన్నాడు ఆఫీసరు. బిళ్ళ ఊడదీశారు. బందెలదొడ్డిలోకి తీసుకెళుతుంటే అది వెనక్కి తిరిగి చూసింది, నేను రావడం లేదేమిటా అని."

రేకు మీంచి ఒక్కొక్క చుక్కా పడుతోంది.

"పదిహేనేళ్ళలో దాన్ని ఎవరూ పనికిరానిదనలేదు," అన్నాడు. "నా చేత్తో అనిపించాను."

రోడ్డు అవతల గేటు కిర్రుమంది. వాచ్‌మన్ గొంతు వినిపించింది. "రెండో నంబరూ! డాక్టరుగారు వచ్చేశారు!"

కుచ్చులమ్మాయి లేచింది కానీ కదల్లేదు. "నాది ఆగిపోతుంది బాబాయ్. నేను పగ్గం లాగక్కర్లేదు. సగం ఎక్కుడులో అదే ఆగుతుంది. నాన్న పోయిన ఏడు దానికీ నాకూ కలిపి నువ్వే నేర్పావు."

బాబాయి కళ్ళు మూసుకున్నాడు. "కొరడా ఉందా?"

"నాన్నది. కప్పులో దోపి ఉంది. ఎప్పుడూ తీయలేదు."

"తియ్యి."

"కొట్టాలా?"

బాబాయి ఆమె గుర్రం వైపు చూశాడు. "ఆగబోయే ముందు చెవులు వెనక్కి వేస్తుంది. అప్పుడు వెయ్యి. ఆగాక వేస్తే లాభం లేదు. ఒక్కటి చాలు. గట్టిగా. అది నీ వంక చూస్తుంది, నువ్వు దాని వంక చూడకు. పైకెళ్ళేదాకా పగ్గం మీద చెయ్యి బిగించకు. ఎంత రొప్పినా సరే ఆపకు. ఇంట్లో ముగ్గురున్నారు, గుర్తు పెట్టుకో."

"మూడో నంబరు కూడా దగ్గరికి వచ్చి ఉండాలీ!" అని మళ్ళీ అరిచాడు వాచ్‌మన్.

ఆమె గోనెపట్టా తీసి పొడుగాయన చేతికిచ్చి, బండెక్కింది. కప్పులోంచి కొరడా తీసింది. దాని తోలు ఎండి బిగుసుకుపోయి ఉంది. విప్పడానికి కాసేపు పట్టింది. కుచ్చుల జట్కా రోడ్డు దాటి గేటులోకి వెళ్ళింది. గేటు మూసుకుంది.

గోడ అవతలిది కనిపించదు, వినిపిస్తుంది. బస్తాలు వేస్తున్న చప్పుడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎవరో ఏదో అన్నారు. తర్వాత చెక్కల మీద గిట్టలు. టీ కొట్టాయన పొయ్యి మంట తగ్గించాడు. గిట్టల చప్పుడు పైకి పోతోంది, నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా. ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ మధ్య ఎడం పెరిగింది. పొడుగాయన లేచి నిలబడ్డాడు.

కొరడా ఛెళ్ళుమంది.

గిట్టలు ఒక్కసారి తడబడి, వేగంగా, చెక్కలు విరిగేలా మళ్ళీ మొదలయ్యాయి. బెంచీ మీద బాకా బాబాయి రెండు చేతులూ, తోలు లేచిన ఆ చేతులూ, పగ్గం పట్టుకున్నట్టు గుండెల దగ్గరికి లాక్కున్నాడు.

"ఆపవే తల్లీ," అన్నాడు, ఎవరికీ వినపడనంత మెల్లగా. "ఒక్క నిమిషం ఆపు. దాన్ని కాస్త ఊపిరి తీసుకోనియ్యి."

గిట్టల చప్పుడు ఆగలేదు.